సోడాబుడ్డి అద్దంలోంచి ఆకాశం

విజయవాడ గవర్నర్‌పేటలో మా నాన్నకు చిన్న కళ్ళజోళ్ళ షాపు ఉండేది. స్కూలు వదలగానే నేను ఇంటికి కాకుండా అక్కడికే వెళ్ళేదాన్ని. పాత కళ్ళజోడు పట్టుకొచ్చి, "చీటీ పోయిందండీ, ఇదే పవర్‌తో ఇంకోటి చేసివ్వండి" అనేవాళ్ళు రోజుకు ఒకరిద్దరైనా ఉండేవాళ్ళు. పవర్ కొలిచే మెషీన్ అప్పటికి మేం ఇంకా కొనలేదు. నాన్న ఆ అద్దాన్ని చేయి చాపి కంటికెదురుగా పట్టుకుని, అందులోంచి కిటికీ ఊచను చూస్తూ, మెల్లగా అటూ ఇటూ జరిపేవారు. అద్దం జరిగిన వైపే ఊచ కూడా జరిగితే మైనస్. ఎదురు జరిగితే ప్లస్. తర్వాత ట్రయల్ బాక్సులోంచి ఎదురు గుర్తున్న అద్దాలు ఒక్కొక్కటే తీసి దానికి ఆనించేవారు. ఏ అద్దం ఆనించినప్పుడు ఊచ కదలడం మానేస్తుందో, పాత అద్దం పవర్ అంత. సిలిండర్ (ఒక దిశలోనే ఉండే పవర్) ఉన్న అద్దమైతే, గుండ్రంగా తిప్పేటప్పుడు ఊచ విరిగి పక్కకు వాలినట్టు కనిపించేది. ఆ వాలును బట్టి యాక్సిస్, అంటే ఆ సిలిండర్ ఏ కోణంలో ఉందో, గుర్తుపెట్టేవారు.

నాకు అది గారడీలా ఉండేది. ఎలా తెలుస్తుంది నాన్నా అని అడిగితే, "ఊచ నిటారుగా ఉందని మనకు ముందే తెలుసు కదమ్మా. అందులో కనిపించే వంకరంతా అద్దానిదే" అన్నారు.

ఆ మాట ఇన్నేళ్ళకు మళ్ళీ గుర్తొచ్చింది. గుంటూరులో నేను ఫిజిక్స్ చెప్పే ఇంటర్ కాలేజీలో, మొన్న స్టాఫ్ రూమ్‌లో ఒక వాదన నడిచింది. నా ఫోన్‌లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన ఫొటో చూసి మా లెక్కల సార్ అన్నారు: "మేడమ్, ఇందులో వంకరగా సాగిపోయి ఉన్నవి గెలాక్సీలని మీరంటున్నారు. నిజానికి ఇవి వాటి చెదిరిన బొమ్మలు. ఆ వంకరను కంప్యూటర్‌లో ఒక మోడల్ పెట్టి సరిచేస్తారు. మోడల్ మారిస్తే జవాబు మారుతుంది. నేరుగా చూసింది సాక్ష్యం అవుతుంది కానీ, ఇలా చూసింది అవుతుందా?"

ఆయన ఏదీ తేలిగ్గా అనే మనిషి కాదు. లంచ్ బ్రేకులో నేను చెప్పిన జవాబు నాకే సరిపోలేదు. రైలెక్కి ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. గెలాక్సీ గుంపుల బరువే కాంతిని వంచి అద్దంలా పనిచేసే గురుత్వ కటకంలోంచి, కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో చూసిన దూరపు గెలాక్సీలు రెండో రకం సాక్ష్యం కాదని నా గట్టి నమ్మకం. విశ్వం తొలినాళ్ళలో ఉన్న మామూలు గెలాక్సీల విషయంలోనైతే, మన చేతిలో ఉన్న వాటిలో ఇదే అన్నిటికంటే మంచి సాక్ష్యం అంటాను.

ముందు ఆ ఫొటో సంగతి. అది 2022 జులై 11న, అంటే మనకు 12వ తేదీ తెల్లవారుజామున, అమెరికా అధ్యక్ష భవనంలో విడుదలైంది. ఒక ఇసుక రేణువును చేయి చాపి పట్టుకుంటే అది ఆకాశంలో ఎంత మేర కప్పుతుందో, ఆ ఫొటోలో ఉన్నది అంతే. వెబ్ దాన్ని సుమారు పన్నెండున్నర గంటల పాటు చూసింది. మధ్యలో తెల్లగా మెరుస్తున్న గెలాక్సీల గుంపు పేరు ఎస్‌మ్యాక్స్ 0723. దాని కాంతి మన దగ్గరకు రావడానికి 460 కోట్ల సంవత్సరాలు పట్టింది. దాని చుట్టూ ఎర్రగా, నారింజ రంగులో విల్లుల్లా వంగిన గీతలున్నాయి. అవి గుంపులోవి కావు. గుంపుకు చాలా వెనక, ఎంతో దూరంలో ఉన్న గెలాక్సీలు.

ఆ రోజు పొద్దున్నే నాన్నకు చూపించాను. గురుత్వాకర్షణ గురించి నేనింకా ఒక్క మాట చెప్పలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఈ గీతలన్నీ మధ్యలో దాని చుట్టూ తిరుగుతున్నాయి. అద్దం అక్కడుంది" అన్నారు.

అక్కడే ఉంది. బరువైన వస్తువు పక్కనుంచి వెళ్ళే కాంతి దారి వంగుతుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పింది. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్ర కాంతి ఎంత వంగాలో లెక్క కూడా ఇచ్చింది: ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో 1.75 భాగాలు. 1919 మే 29 సంపూర్ణ సూర్యగ్రహణంలో ప్రిన్సిపే దీవి నుంచి ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్, బ్రెజిల్‌లోని సోబ్రాల్ నుంచి మరో బృందం దాన్ని కొలిచారు. ఒక నక్షత్రం ఇంకో నక్షత్రానికి కటకంలా పనిచేయొచ్చని 1936లో ఐన్‌స్టీనే రాశారు. కానీ అది కంటపడే ఆశ లేదని కూడా అందులోనే చెప్పారు. మరుసటి ఏడాదే ఫ్రిట్జ్ జ్విక్కీ అనే శాస్త్రవేత్త, నక్షత్రాలను వదిలేసి గెలాక్సీలను చూడండి, అవి బ్రహ్మాండమైన కటకాలు అన్నారు. గెలాక్సీ గుంపుల్లో కంటికి కనిపించని పదార్థం ఎంతో ఉందని 1933లోనే చెప్పిన మనిషి ఆయన. గెలాక్సీలు కటకాలన్న ఆయన మాట నిజం కావడానికి నలభై ఏళ్ళు పైనే పట్టింది. 1979లో ఒకే క్వేజార్ (దూరపు గెలాక్సీ నడిమధ్య విపరీతంగా వెలిగే చుక్క) రెండుగా కనిపించింది. 1980ల మధ్యలో అబెల్ 370 అనే గుంపులో పెద్ద విల్లు కనిపించింది. 1988లో ఆ విల్లు దూరం కొలిచాక, అది గుంపుకు బాగా వెనక ఉన్న గెలాక్సీ అని తేలిపోయింది.

మందపాటి కళ్ళజోడును మనం సోడాబుడ్డి అద్దాలంటాం. గెలాక్సీ గుంపుకు ఆ పేరు అచ్చంగా సరిపోతుంది. నాన్న అమ్మే ప్లస్ అద్దంలో కాంతి అంచుల దగ్గర ఎక్కువ వంగి, మధ్యలో నేరుగా వస్తుంది. అందుకే అంతా ఒక చోటికి చేరుతుంది. గురుత్వ కటకం దీనికి తలకిందులు. మధ్యకు దగ్గరగా వచ్చిన కాంతి ఎక్కువ వంగుతుంది, దూరంగా పోయింది తక్కువ వంగుతుంది. ఒక ఫోకస్ అంటూ ఉండదు. గోలీసోడా సీసా అడుగులోంచి దీపాన్ని చూడండి. దీపం సాగి విల్లవుతుంది, ఒక్కోసారి ఒకటే దీపం రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. ఆకాశంలో జరిగేది కూడా ఇదే. ఒకే గెలాక్సీ ఆ గుంపు చుట్టూ మూడు చోట్లో ఐదు చోట్లో ప్రత్యక్షమవుతుంది.

సాగినప్పుడు పలచబడాలి కదా అనుకుంటాం. ఇక్కడ పలచబడదు. బొమ్మలో ఒక్కో చదరపు ముక్క వెలుగు మారదు, ముక్కల సంఖ్య పెరుగుతుంది. అందువల్ల మొత్తం మీద ఆ గెలాక్సీ నుంచి మనకు చేరే కాంతి పది రెట్లు, ఒక్కోచోట ముప్ఫై రెట్లు అవుతుంది. చుక్కలా కనిపించేంత చిన్నదాని కాంతి పది రెట్లు పెరిగిందంటే, దాన్ని పట్టుకోవడానికి కావలసిన సమయం సుమారు వందో వంతుకు పడిపోతుంది. వంద రాత్రుల పని ఒక్క రాత్రిలో అయిపోయినట్టు.

ఇంకో గుణం ఉంది, అది నాన్నకు అసూయ కలిగించింది. పెద్ద పవర్ గాజు అద్దాల అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి, కస్టమర్లు ఫిర్యాదు చేస్తారు. గాజు ఒక్కో రంగును ఒక్కోలా వంచుతుంది మరి. గురుత్వాకర్షణ అన్ని రంగులనూ ఒకేలా వంచుతుంది. కంటికి కనిపించే కాంతికి ఏ అద్దమో, పరారుణానికీ రేడియో తరంగాలకూ అదే అద్దం. హబుల్ టెలిస్కోపు ఫొటోలో ఆ అద్దం పవర్ ఒకసారి కట్టేస్తే, అదే లెక్కను పరారుణ టెలిస్కోపు కూడా వాడుకోవచ్చు.

పరారుణమే ఎందుకంటే, రెండు కారణాలు. విశ్వం వ్యాకోచించడం వల్ల దూరపు కాంతి దారిలోనే సాగిపోతుంది. విశ్వానికి 55 కోట్ల ఏళ్ళ వయసున్నప్పుడు బయల్దేరిన అర మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఆకుపచ్చ కాంతి, ఇక్కడికి చేరేసరికి 5 మైక్రాన్లు అవుతుంది. హబుల్ 1.7 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది, వెబ్ 28 దాకా చూడగలదు. రెండోది ధూళి. కొత్త నక్షత్రాలు పుట్టేది ధూళి మేఘాల్లో. ఆ ధూళి వాటి వెలుగును మింగి, కాస్త వేడెక్కి, ఆ వేడిని దూర పరారుణంలో, అంటే పరారుణంలోనే మరీ పొడవైన తరంగాల్లో, బయటికి పంపుతుంది. విశ్వ చరిత్ర మొత్తంలో నక్షత్రాలు ఇచ్చిన వెలుగులో దాదాపు సగం ఇలా ధూళి చేతుల మీదుగా పరారుణంగా మారిందే. మామూలు కాంతిలో మాత్రమే చూస్తే కథలో సగం పోయినట్టే.

పరారుణంలో చూడాలంటే టెలిస్కోపు చల్లగా ఉండాలి, ఎందుకంటే వెచ్చగా ఉన్న ప్రతిదీ ఆ కాంతిలో వెలుగుతుంది. మే నెలలో బెజవాడలో అర్ధరాత్రి డాబా మీద పడుకుంటే, పొద్దంతా ఎండను తాగిన గచ్చు ఒంటికి సెగ కొడుతుంది చూడండి, ఆ సెగే పరారుణం. 1800లో విలియం హెర్షెల్ పట్టకంలోంచి వచ్చిన రంగుల పక్కన థర్మామీటర్లు పెట్టి కనిపెట్టింది దీన్నే. ఆయన పేరుతో 2009లో వెళ్ళిన హెర్షెల్ టెలిస్కోపు 2,000 లీటర్లకు పైగా ద్రవ హీలియం మోసుకెళ్ళింది. ఆ హీలియం ఆవిరైపోయాక, 2013 ఏప్రిల్‌లో దాని చూపు ఆగిపోయింది.

హీలియం అనగానే గుంటూరు పిల్లలకు నేను చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ వచ్చింది మన గుంటూరుకే. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశారు. గ్రహణం లేకున్నా వాటిని చూడొచ్చని మర్నాడే ఇక్కడే నిరూపించారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ కూడా స్వతంత్రంగా అదే పని చేశారు. ఆ జ్వాలల్లోని ఒక పసుపు గీత సోడియంది కాదని పట్టుకుని, దాన్ని కొత్త మూలకం అన్నారు. అదే హీలియం. భూమ్మీద అది దొరికింది 1895లో. మనం బ్రాడీపేటలో నడిచే ఊరికి ఈ కథలో చోటుందని చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. పరీక్షలో రాదు మేడమ్ అనే గొంతు కూడా వినిపిస్తుంది, అయినా ప్రతి ఏడాదీ చెబుతాను.

అసలు విషయానికి వస్తాను. సార్ ప్రశ్నలో "నేరుగా చూసింది" అన్న మాట ఉంది. దూర పరారుణంలో నేరుగా చూస్తే ఏం కనిపిస్తుందో చెప్పాలి. టెలిస్కోపు ఎంత సన్నగా చూడగలదన్నది కాంతి తరంగం పొడవును బట్టి ఉంటుంది. తరంగం పొడవైతే చూపు మొద్దుబారుతుంది. హెర్షెల్ అద్దం వెడల్పు 3.5 మీటర్లు. అయినా 250 మైక్రాన్ల దగ్గర దానికి కనిపించే ఒక్కో మచ్చ, చంద్రబింబం వెడల్పులో సుమారు వందో వంతు ఉండేది. వినడానికి చిన్నదే. కానీ హబుల్ లోతుగా తీసిన ఫొటోల్లో అంత మేరలోనే డజన్ల కొద్దీ గెలాక్సీలుంటాయి. అవన్నీ కలిసి హెర్షెల్‌కు ఒకే మసక. రాత్రిపూట చిట్టినగర్ వైపు కొండ మీది ఇళ్ళను దూరం నుంచి చూస్తే, ఏ దీపం ఏ ఇంటిదో తెలియక కొండంతా ఒకటే కాంతిగా ఉంటుందే, అలా. దగ్గర్లో ఒక పెద్ద ఫ్లడ్‌లైట్ ఉంటే అదొక్కటే విడిగా తెలుస్తుంది.

ఈ మసక ఎక్కువసేపు చూస్తే పోయేది కాదు. గంట చూసినా, నెల చూసినా మసక మసకే. కటకం అవసరం ఇక్కడ తప్పనిసరి అవుతుంది. గుంపు వెనక ఉన్న ఆకాశాన్ని అది రబ్బరు షీటులా సాగదీస్తుంది. పక్కపక్కన అతుక్కున్న దీపాలు విడిపోతాయి, ఒక్కోటీ మరింత వెలుగుతుంది. 1997లోనే హవాయిలోని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపుతో, 850 మైక్రాన్ల దగ్గర, దూరపు ధూళి గెలాక్సీలను మొదట వెతికింది రెండు గెలాక్సీ గుంపుల వెనకే. అందులో ఒకటి ఆ అబెల్ 370. తర్వాత పరారుణ టెలిస్కోపులు స్పిట్జర్, హెర్షెల్ కూడా గుంపుల మీద కావాలని సమయం పెట్టాయి.

నేరుగా చూసిన ఆకాశంలో మనకు దొరికేవి ఫ్లడ్‌లైట్లే. దూర పరారుణంలోనైతే ఏడాదికి వేల సూర్యుళ్ళంత నక్షత్రాలు పుట్టించే రాక్షస గెలాక్సీలు, మామూలు కాంతిలోనైతే అసాధారణంగా వెలిగే వేరే గెలాక్సీలు. వాటిని చూసి తొలికాలపు విశ్వం ఇలా ఉండేదని చెప్పడం, ఊళ్ళో పెద్ద మేడల్ని మాత్రం లెక్కేసి ఆ ఊరి జీవనం ఇదీ అని రాసినట్టుంటుంది. మన పాలపుంతకు పూర్వీకులు అలాంటి మేడలు కాదు.

ఒక ఉదాహరణ మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు ఇది చాలా ఇష్టం. అబెల్ 1689 అనే గుంపు వెనక ఒక చిన్న గెలాక్సీ ఉంది. దాని కాంతి బయల్దేరినప్పుడు విశ్వం వయసు 70 కోట్ల ఏళ్ళే. గుంపు దాన్ని సుమారు తొమ్మిది రెట్లు పెద్దది చేసింది. 2015లో చిలీ ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా టెలిస్కోపులతో చూస్తే అందులో ధూళి వెచ్చదనం కనిపించింది. ఈ ధూళి ఎక్కడి నుంచి వస్తుంది? నక్షత్రాలు పుట్టి, లోపల కార్బన్, సిలికాన్ వండి, చనిపోతూ బయటికి చిమ్మితేనే వస్తుంది. అంటే అంత చిన్న, అంత మామూలు గెలాక్సీలో, విశ్వానికి 70 కోట్ల ఏళ్ళు నిండేసరికే ఒక తరం నక్షత్రాలు బతికి చనిపోయాయి. అది ఫ్లడ్‌లైట్ కాదు. కొండ మీద ఒక ఇంట్లో వెలిగిన చిన్న బల్బు. గుంపు అడ్డు రాకపోతే ఆ రోజు ఆ ధూళి మనకు కనిపించేది కాదు.

కాస్మిక్ ఐలాష్ అని ముద్దుపేరున్న ఇంకో గెలాక్సీ 32 రెట్లు పెద్దదై కనిపించింది. వెయ్యి కోట్ల ఏళ్ళ నాటి ఆ గెలాక్సీలో నక్షత్రాలు పుట్టే మేఘాలను, సుమారు 300 కాంతి సంవత్సరాల మేర ఉన్న ముక్కలను కూడా, విడివిడిగా చూడగలిగారు. 2024లో అబెల్ 2744 వెనక వెబ్ చూసిన ఎనిమిది మసక గెలాక్సీలైతే ఒక పాత ప్రశ్ననే కదిపాయి. విశ్వాన్ని నింపిన హైడ్రోజన్ పొగమంచును, మొదటి వంద కోట్ల ఏళ్ళలో అయాన్లుగా (విద్యుదావేశమున్న ముక్కలుగా) విడగొట్టి తేటపరిచింది ఎవరు? ఈ చిట్టి గెలాక్సీలు అనుకున్నదానికంటే నాలుగు రెట్లు ఎక్కువగా అందుకు కావలసిన కాంతిని ఇస్తున్నాయని తేలింది. ఆ పనిలో ఎక్కువ భాగం పెద్దవాళ్ళది కాదు, వీళ్ళదేనని ఆ పరిశోధకులు అన్నారు.

సార్ వైపు నుంచి కూడా న్యాయంగా మాట్లాడాలి. అత్యంత దూరపు గెలాక్సీ రికార్డులు ఇటీవల కటకం లేని చోట్లే వచ్చాయి. 2024లో ప్రకటించిన జేడ్స్-జీఎస్-జెడ్14-0 అలాంటిదే, అది దానంతటదే అంత వెలుగుగా ఉంది. కటకం ఊరికే ఏమీ ఇవ్వదు కూడా. పది రెట్లు పెద్దది చేసిన చోట, మనం చూసే ఆకాశం విస్తీర్ణం పదో వంతుకు తగ్గిపోతుంది. అరుదైన వాటిని వెతకాలంటే ఇది మంచి పద్ధతి కాదు. ఇంకో చిక్కు: కటకం రంగులను వేరు చేయకపోయినా, ఒకే గెలాక్సీలో వేడి భాగం ఒక చోట, చల్లని ధూళి ఇంకో చోట ఉంటే, రెండూ వేర్వేరు రెట్లు పెరగొచ్చు. అది పట్టించుకోకుండా ధూళి ఉష్ణోగ్రత చెబితే తప్పవుతుంది. ముఖ్యంగా విల్లు బాగా సాగిన అంచుల్లో మోడల్‌కు మోడల్‌కు తేడా పెరుగుతుంది. అక్కడ నేను కూడా జాగ్రత్తగానే ఉంటాను.

అయితే "మోడల్ మారిస్తే జవాబు మారుతుంది" అన్న మాట దగ్గర మాత్రం ఆయనతో ఏకీభవించలేను. మోడల్ ఇష్టమొచ్చినట్టు మార్చుకునేది కాదు. మూడు చోట్ల కనిపించే ఒకే గెలాక్సీని, వంకర తీసి వెనక్కి పంపితే మూడు బొమ్మలూ ఒకే చోట కలవాలి. అలాంటి గెలాక్సీలు ఒక గుంపు వెనక పదుల సంఖ్యలో, వేర్వేరు దూరాల్లో ఉంటాయి. అన్నీ ఒకే అద్దంతో సరిపోవాలి. మా షాపులో ఒకసారి ఒకాయనకు యాక్సిస్ తప్పు పడింది. "అక్షరాలు బాగానే ఉన్నాయండీ, నడుస్తుంటే నేల ఏటవాలుగా ఉంది" అంటూ రెండో రోజే వచ్చారు. నాన్న అద్దం తీసి, కొద్దిగా తిప్పి, మళ్ళీ బిగించారు. తప్పు మోడల్ కూడా అలాగే పట్టుబడుతుంది. ఒక చోట సరిపోయినా, ఇంకో చోట నేల వాలుతుంది.

ఇంతకంటే గట్టి పరీక్ష కూడా జరిగింది. 2014 నవంబరులో మ్యాక్స్ జే1149 అనే గుంపు వెనక ఒక సూపర్‌నోవా, అంటే చనిపోతూ పేలిన నక్షత్రం, కనిపించింది. ఒకే పేలుడు నాలుగు చోట్ల కనిపించింది. ఇలాంటిది జరగొచ్చని 1964లోనే చెప్పిన రెఫ్స్‌డాల్ పేరే దానికి పెట్టారు. గుంపులో ఒక్కో దారి పొడవు వేరు కాబట్టి, అదే పేలుడు ఇంకో దారిలో ఆలస్యంగా రావాలి. ఎప్పుడు, ఎక్కడ అని వేర్వేరు బృందాలు వేర్వేరు మోడళ్ళతో లెక్కగట్టి, బొమ్మ రాకముందే ప్రచురించాయి. వచ్చాక సర్దుకునే వీల్లేదు. హబుల్ ఆ చోటును చూస్తూ కూర్చుంది. 2015 డిసెంబరు 11న తీసిన ఫొటోలో, చెప్పిన చోట, చెప్పిన కాలానికి ఆ చుక్క వచ్చింది.

పేలిన నక్షత్రం ఎప్పుడో పోయింది. దాని వెలుగు ఏ దారిలో ఎన్ని రోజులు ఆలస్యంగా వస్తుందో మనుషులు కాగితం మీద రాసిపెట్టుకుని ఎదురుచూశారు, అది వచ్చింది. నేరుగా చూసిన ఎన్ని సంగతులకు ఇంతటి పరీక్ష జరిగింది?

మర్నాడు సార్‌కు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "ఒక్కసారి కుదిరింది మేడమ్" అన్నారు. అప్పుడు రెక్వీమ్ గురించి చెప్పాను. మ్యాక్స్ జే0138 అనే గుంపు వెనక, వెయ్యి కోట్ల ఏళ్ళ నాటి ఒక సూపర్‌నోవా. 2016లో హబుల్ తీసిన పరారుణ ఫొటోల్లో మూడు చోట్ల ఉంది, ఎవరూ గమనించలేదు. 2019 ఫొటోల్లో ఆ చుక్కలు లేకపోవడం వల్ల బయటపడింది. నాలుగో బొమ్మ గుంపు నడిబొడ్డు మీదుగా, అన్నిటికంటే ఆలస్యమయ్యే దారిలో వస్తోంది. 2037 ప్రాంతంలో, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూగా చేరాలని 2021లో లెక్క ప్రచురించారు.

సార్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. అప్పటికి ఆయన రిటైరై ఆరేళ్ళవుతుంది, నరసరావుపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో ఉంటారు. ఆ చుక్క కనిపించిన రోజు ఫోన్ చేస్తానని మాటిచ్చాను. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి, గుంపు పేరు అడిగి, స్పెల్లింగ్ చెప్పించుకుని రాసుకున్నారు.